దిగని కాలు

సిద్దిరాములు మొదటిసారి పడ్డప్పుడు అందరూ నవ్వారు. కొత్త పెడళ్ళతో ఎవరైనా పడతారు. రెండోసారి పడ్డప్పుడూ నవ్వారు. ఆ తర్వాత నవ్వడం మానేశారు. నవ్వినప్పటికంటే అదే అతనికి ఎక్కువ ఇబ్బందిగా ఉంది.

ఆ పెడళ్ళు పూణే నుంచి వచ్చాయి. జిల్లా సైకిల్ సంఘానికి కార్యదర్శిగా ఉన్న గోపాల్‌రావు తన బావమరిదికి చెప్పి తెప్పించాడు. వాటికి పట్టీలు ఉండవు. బూటు అడుగున బిగించిన చిన్న ముక్క పెడల్ మీద ఆనగానే టక్కుమని ఇరుక్కుంటుంది. ఇక కాలు పైకి లాగినా రాదు, వెనక్కి గుంజినా రాదు. మడమను బయటికి తిప్పితేనే వదులుతుంది. కాలు కిందికి తొక్కినప్పుడే కాదు, పైకి లేచేటప్పుడు కూడా చక్రాన్ని తిప్పుతుంది కాబట్టి బండి వేగం పెరుగుతుంది.

ఉన్నది ఒక్కటే జత. హైదరాబాద్‌లో జరిగే రాష్ట్ర పోటీకి జిల్లా నుంచి వెళ్ళేదీ ఒక్కడే. సిద్దిరాములు, హనుమండ్లు ఇద్దరిదీ ఒకటే పాదం కొలత. ఆదివారం పొద్దున మానేరు డ్యాం కట్ట మీద ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు అదే బండి మీద, అవే బూట్లతో పోవాలి. ఎవరు తక్కువ సమయంలో వస్తే వాళ్ళే హైదరాబాద్‌కు. పడ్డవాడికి అవకాశం లేదు.

సిద్దిరాములుకు వెళ్ళాలని ఉంది. సిరిసిల్లలో మరమగ్గాల షెడ్డులో పని అతనిది. మగ్గాల చప్పుడులో రోజంతా నిలబడి, సాయంత్రం బయటికి వచ్చాక కూడా ఎవరైనా మాట్లాడితే పెదవుల వంక చూసేవాడు. సైకిల్ మీద ఉన్నప్పుడు మాత్రమే తన తల తనదిగా ఉండేది. అలాంటి చోట ఇప్పుడు ఇంకెవరో వచ్చి కూర్చున్నట్టు ఉంది.

ఎందుకంటే అతను పడే తీరు వేరు. హనుమండ్లు పడ్డాడు గానీ, బండి ఆపేటప్పుడు మడమ తిప్పడం మరిచిపోయి పడ్డాడు. సిద్దిరాములు ఆపేటప్పుడు పడడు. ఒంటరిగా కట్ట మీద ఎన్నిసార్లయినా బూటు ఇరికించి, మడమ తిప్పి, విడిపించి మళ్ళీ ఇరికించేవాడు. ఒక్క పొరపాటు ఉండదు. కట్ట చివర గోపాల్‌రావు గడియారం పట్టుకుని నిలబడితే మాత్రం, ఇంకా అతన్ని చేరకముందే, బండి మంచి ఊపులో ఉండగానే ఎడమపక్కకు ఒరిగి నేల మీద ఉండేవాడు. ఎప్పుడూ ఎడమ భుజమే. భుజం చర్మం లేచిపోయి చొక్కాకు అంటుకుంటోంది.

గడియారం చూసి కంగారు పడుతున్నానేమో అనుకుని, దాన్ని హనుమండ్లు చేతికి ఇచ్చి నిలబెట్టాడు. పడలేదు. గాలి వల్లనేమో అనుకున్నాడు. గాలి ఎదురుగా ఉన్న రోజూ పడలేదు.

"సార్‌ను చూస్తే నీకు సిగ్గయితుందారా?" అన్నాడు హనుమండ్లు. "కొత్త పెండ్లిపిల్ల లెక్క పక్కకు ఒరుగుతున్నవ్."

"నువ్వు పడలేదా మరి?"

"నేను పడ్డ. పడ్డంక లేచి తిట్టుకున్న. నువ్వు పడి మొక్కినట్టు చూస్తవ్."

ఆ మాట సిద్దిరాములుకు నచ్చలేదు. తను ఎలా చూస్తాడో తనకు తెలియదు. తన మొహం తన వెనక ఏం చేస్తోందో వేరేవాళ్ళు చెబితే తెలుసుకోవడం ఏమిటి?

శనివారం మళ్ళీ అదే జరిగింది. గోపాల్‌రావు వచ్చి చెయ్యిచ్చి లేపాడు. అతనికి యాభై దాటాయి. సిద్దిరాములు ఊళ్ళో గడి, ఒకప్పటి దొరల కోటలాంటి ఇల్లు, వాళ్ళదే. గడికి తాళం పడి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు కరీంనగర్‌లో గ్రానైట్ వ్యాపారం. తనను దొర అంటే ఒప్పుకోడు, సార్ అనమంటాడు. ఎదుటివాడు కూర్చునేదాకా తను కూర్చోడు. మంచివాడు. సిద్దిరాములుకు ఆ విషయంలో అనుమానం లేదు.

"ఆపుమని నేను చెప్పనే లేదు గదా. ఎందుకు దిగుతున్నవ్?" అన్నాడు గోపాల్‌రావు.

"దిగుతలేను సార్. పడుతున్న."

"కాదు. నేను చూస్తనే ఉన్న. బరువు ఎడమ కాలు మీద ఏస్తున్నవ్, కుడి కాలు ఎన్కకు లేపుతున్నవ్. పెడల్ ఇడుస్తలేదు కాబట్టి పడుతున్నవ్. లేకుంటే దిగేటోనివే."

గోపాల్‌రావు నీళ్ళ వైపు చూస్తూ చాలాసేపు గడియారానికి కీ తిప్పాడు. అది అప్పటికే బిగిసి ఉంది.

ఇంటికి పోయి సిద్దిరాములు తల్లితో చెప్పాడు. శంకరవ్వ బీడీలు చుడుతోంది. వింటూ వింటూ ఆకు కత్తిరించడం ఆపింది.

"గోపాల్‌రావు దొర నిలబడితెనే పడుతున్నవా?"

"ఆయన ఉంటెనే."

"మీ బాపు గడి ముంగట సైకిల్ దిగేటోడు గద బిడ్డ. అందరు దిగేటోళ్ళు. గోడ మొదలైతుంటెనే దిగి, గోడ అయిపోయేదాక నూక్కుంటపోయేది. కూలి సంఘాలు వచ్చినంక ఆ రివాజు పోయింది."

"నేనెన్నడు దిగలే గద. నాకప్పుడు సైకిలే రాదు."

"నువ్వు ముందల డండ మీద కూసునేటోనివి. నిన్ను గూడ దింపేది. మొదట ఏడ్చేటోనివి. తర్వాత తర్వాత బాపు చెప్పకముందే నువ్వే దుంకేటోనివి. మీ బాపు నీ తల మీద చెయ్యి పెట్టి అందరికి చెప్పేటోడు. నా కొడుకుకు నాకంటె ముందుగాల తెలుస్తది అని మురిసేటోడు."

ఆమె మళ్ళీ ఆకు కత్తిరించడం మొదలుపెట్టింది.

సిద్దిరాములు వాకిట్లో కూర్చున్నాడు. కారణం దొరికింది. దొరికితే తేలిక కావాలి. అతనికి మరింత గజిబిజిగా ఉంది. భయం అయ్యుంటుందనుకున్నాడు. భయమైతే తరిమెయ్యొచ్చు. పరువు తక్కువైతే కోపం తెచ్చుకోవచ్చు. కానీ లోపల ఎంత వెతికినా భయం కనపడలేదు. తల మీద ఒక చెయ్యి మాత్రం ఉంది. బాపు పోయి ఆరేళ్ళయింది. ఆయన మొహం గుర్తు చేసుకోవాలంటే ఫోటో చూడాల్సిందే. ఆ అరచేయి బరువు మాత్రం ఏ ఫోటో లేకుండానే నెత్తిన వాలింది. ఇన్నాళ్ళూ ఆ చేతికోసమే పడుతున్నాడా? గోపాల్‌రావు ఎదుట దిగకపోవడం అంటే బాపును తోసెయ్యడమా? లేక బాపు కూడా ఏనాడో దిగకుండా పోవాలనుకుని, కొడుకును మెచ్చుకుంటూ ఆ మాట మింగేశాడా? అడగడానికి ఆయన లేడు. ఉన్నా చెప్పేవాడు కాదు.

ఆదివారం హనుమండ్లు ముందు పోయాడు. బాగా పోయాడు. చివర మడమ తిప్పి నిలబడి, బూట్లు విప్పి సిద్దిరాములుకు ఇచ్చాడు. బూట్లు ఇంకా వెచ్చగా ఉన్నాయి.

గోపాల్‌రావు అతన్ని జీపు పక్కకు పిలిచాడు.

"నేను జీపు ఎన్క నిలబడ్త. అద్దంల చూసి టైం రాస్త. నీకు నేను కనబడ."

సిద్దిరాములుకు అర్థమయింది. ఈయనకూ తెలుసు. నిన్న నీళ్ళ వైపు చూసినప్పుడే తెలుసు. చిన్నప్పుడు గడి అరుగు మీద కూర్చుని ఎంతమంది దిగడం చూశాడో.

"వద్దు సార్. గీడనే నిలబడుండ్రి."

"పడితె పోటీకి పోవు. జర ఆలోచించు."

"నిలబడుండ్రి సార్," అన్నాడు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. అది ధైర్యమో, మొండితనమో, అలవాటో తేల్చుకోకుండానే బూటు ఇరికించాడు.

కట్ట అవతలి చివర తిరిగి వెనక్కి బయలుదేరాక కాళ్ళు చక్రాలతో కలిసిపోయాయి. పక్కన నీళ్ళు కదులుతున్నట్టు లేదు. దూరంగా తెల్లచొక్కా కనపడింది. దగ్గరయింది. తను ఏం చేస్తాడో చూద్దామని సిద్దిరాములు తన కాళ్ళవైపు చూశాడు, పరాయివాళ్ళ కాళ్ళను చూసినట్టు.

అదే చోట ఎడమ కాలు బిగిసింది. కుడి కాలు వెనక్కి లేవబోయింది. బండి ఒరిగింది. నెత్తి మీద బరువు వాలింది. మడమ మాత్రం తిరగలేదు. పెడల్ కాలును పట్టుకుని గుండ్రంగా లాక్కుపోయింది, దాంతో లేవబోయిన కాలు లేస్తూనే చక్రాన్ని తోసింది. ముందు చక్రం రోడ్డు అంచుదాకా వంకరగా పోయి మళ్ళీ దారికొచ్చింది. గోపాల్‌రావు మొహం, చేతిలో గడియారం, చొక్కా గుండీలు పక్క నుంచి వెళ్ళిపోయాయి. సిద్దిరాములు బండి మీదే ఉన్నాడు.

అతను ఆగలేదు. గోపాల్‌రావు చేతిలోని గడియారం చూసి హనుమండ్లు వెనక నుంచి అరుస్తూ పరుగెత్తాడు.

"అరే ఆగరా, అయిపోయింది. నువ్వే పోతున్నవ్ హైదరాబాద్."

ఆ మాట వినపడింది. సంతోషం కూడా వచ్చింది, ఎవరి ఇంట్లోనో వండుతున్న వాసనలాగా. తొక్కుతూనే ఉన్నాడు. నెత్తి మీద ఏమీ లేదు. చెమట, గాలి. తల వెనక్కి వంచి చూశాడు, అక్కడ ఇంకా ఏదైనా తగులుతుందేమోనని.

కట్ట దాటాక వచ్చే గేటు దగ్గర నెమ్మదించి, మడమ తిప్పి, కాలు నేల మీద పెట్టాడు. సులభంగా వచ్చింది. జీపు వచ్చి ఆగింది. గోపాల్‌రావు దిగి కాస్త దూరంలో నిలబడ్డాడు. దగ్గరికి రావాలా వద్దా అని అతనికీ తెలియనట్టు ఉంది.

"దిగొద్దనుకున్నవా, కాలు రాలేదా?" అని అడిగాడు చివరికి.

సిద్దిరాములు ఒక బూటు నేల మీద, ఒక బూటు పెడల్ మీద ఉంచి ఆలోచించాడు. అబద్ధం చెప్పాలని లేదు. నిజం ఏదో దొరకడం లేదు.

"ఎర్కలేదు సార్," అన్నాడు.

గోపాల్‌రావు తల ఊపాడు. సిద్దిరాములు రెండో కాలు తీయలేదు. బండిని వెనక్కి తిప్పుకుని, ఇంకోసారి పోయొస్తానన్నాడు.

"ఎందుకు? అయిపోయింది గద."

"రెండిట్ల ఏదో జర చూసుకోవాలె సార్. మీరు గాడ నిలబడుండ్రి."