నీళ్ళ ట్యాంకు వదిలేసిన మనిషి

ఆ వీధిలో అందరూ ఆయన్ని పళ్ళాయన అనేవారు. కొత్తగా కాపురం వచ్చినవాళ్ళు ఆ పేరు విని, సంచీ పట్టుకుని వచ్చి, "అరటిపళ్ళున్నాయా?" అని అడిగేవారు. ఆయన నవ్వుతూ బల్ల మీది పళ్ళెం వాళ్ళ ముందుకు జరిపేవాడు. అందులో ముందరి పళ్ళు, కోరపళ్ళు, దవడపళ్ళు వరుసగా మెరుస్తూ ఉండేవి. వచ్చినవాళ్ళు సంచీ మడిచి చంకలో పెట్టుకుని వెనక్కి తిరిగేవారు.

కట్టుడు పళ్ళు చేయడం ఆయన పని. పళ్ళ డాక్టరు మనిషి నోట్లో అచ్చు తీసి పంపిస్తే, దాన్ని బట్టి ప్లాస్టర్‌తో దవడ పోసి, మైనంతో చిగుళ్ళు దిద్ది, ఒక్కొక్క పన్నూ అరగదీసి నిలబెట్టేవాడు. రేకుల కప్పు వేసిన చిన్న గది, ఎత్తయిన కిటికీ, కిటికీ గట్టు మీద గాజు సీసాలో ఒక చేప. పక్కనున్న మేడ నీడ మధ్యాహ్నం దాకా ఆ గది మీదే పడుతుంది కాబట్టి చల్లగా ఉండేది. ఆ మేడ అంచున ఇనుప స్టాండు మీద పెద్ద నీళ్ళ ట్యాంకు ఉండేది గాని ఆయన ఎప్పుడూ తలెత్తి దాన్ని చూడలేదు.

ఒకరోజు పొద్దున ఆయన దవడపన్ను ఒకటి అరగదీస్తున్నాడు. అది వేళ్ళ మధ్య నుంచి జారి, బల్ల మీద ఒక గంతు, నేల మీద ఇంకో గంతు వేసి, గడప దాటి వీధిలోకి దొర్లిపోయింది. "ఏయ్, ఎక్కడికే!" అని పశువును అదిలించినట్టు అదిలిస్తూ ఆయన వెంటపడ్డాడు. వీధిలో వంగి దాన్ని అందుకునేసరికి వెనక భూమి బద్దలైనంత చప్పుడైంది.

తిరిగి చూస్తే కప్పు లేదు. ఆయన కూర్చున్న కుర్చీ అప్పడంలా అయిపోయింది. దాని మీద పగిలిన ట్యాంకు. గదిలోంచి నీళ్ళు ఏరులా పారుతున్నాయి. ఆ నీళ్ళలో పళ్ళన్నీ నవ్వుకుంటూ కాలువలోకి కొట్టుకుపోతున్నాయి. కిటికీ గట్టు మీద సీసా మాత్రం చెక్కు చెదరలేదు. చేప ఎప్పటిలాగే గుండ్రంగా తిరుగుతోంది.

ఆయనకి ఒంటి మీద గీత పడలేదు.

సాయంత్రానికి ఇల్లంతా జనం. బావమరిది అందరికంటే ముందొచ్చి, బావ రెండు చేతులూ పట్టుకుని గొంతు బరువు చేసుకున్నాడు.

"బావా, నువ్వు మామూలుగా బతకలేదు. నిన్నెందుకో మిగిల్చారు."

"ఎవర్రా?"

"పైవాళ్ళు."

"పైవాళ్ళే కదరా ట్యాంకు పడేసింది!"

అందరూ నవ్వారు గాని బావమరిది నవ్వలేదు. "వేళాకోళం కాదు బావా. సరిగ్గా ఆ క్షణంలోనే పన్నెందుకు జారాలి? నీ వల్ల ఏదో పెద్ద పని కావాల్సి ఉంది. ఆలోచించుకో," అన్నాడు.

ఆ మాట చెవిలో దూరిన చీమలాగా పళ్ళాయన బుర్రలో తిరగడం మొదలుపెట్టింది. యాభై ఏళ్ళు దాటేదాకా తాను ఎందుకు పుట్టానని ఆయన ఎన్నడూ ఆలోచించలేదు. ఆకలేస్తే తిన్నాడు, నిద్రొస్తే పడుకున్నాడు, మధ్యలో పళ్ళు చేశాడు. ఇప్పుడు మాత్రం ఎవరో తన పేరు మీద ఒక పని రాసి పెడితే, తాను దాన్ని ఇంకా అందుకోలేదన్నట్టు లోపల ఒకటే కంగారు.

కప్పు మళ్ళీ వేయించేలోపు ఆ పెద్ద పనేమిటో తేల్చుకుందామని బయలుదేరాడు. ముందు రక్తదానానికి వెళ్ళాడు. సూది చూడగానే కళ్ళు తేలేశాడు. రక్తం ఇస్తున్నవాళ్ళని వదిలేసి నర్సులంతా ఆయన మొహాన నీళ్ళు చల్లాల్సి వచ్చింది. తరవాత, గోడ తగాదాతో ఏళ్ళ తరబడి మాటల్లేని ఇద్దరు పొరుగువాళ్ళకి రాజీ చేద్దామని మధ్యలో కూర్చున్నాడు. వాళ్ళిద్దరూ కాసేపు విని, "అసలు మా గోడ సంగతి నీకెందుకయ్యా?" అని ఒక్కటై ఆయన మీద విరుచుకుపడ్డారు.

"పోనీలెండి, ఇద్దర్నీ కలిపారుగా," అంది భార్య.

ఆమె కారు నడపడం నేర్పే మనిషి. రోజంతా పక్క సీట్లో కూర్చుని, ఎవరెవరో గుద్దబోయే చెట్లనీ స్తంభాలనీ తన కాలి కింది బ్రేకుతో కాపాడుతుంది. ప్రాణాపాయం ఆమెకి ఉద్యోగంలో భాగం కాబట్టి దాని గురించి పెద్దగా మాట్లాడదు.

గదికి మళ్ళీ కప్పు వేశారు. కొత్త కుర్చీ వచ్చింది. పళ్ళాయన మాత్రం అందులో కూర్చుని, మైనం చల్లారిపోతున్నా చూసుకోకుండా గోడకేసి చూస్తూ ఉండేవాడు. డాక్టరు ఫోన్ చేసి, "ఏమండీ, ఊరంతా బోసినోళ్ళతో నా గుమ్మంలో కూర్చుంది," అని మొత్తుకుంటే, "చేస్తానండీ," అని పెట్టేసేవాడు. తినేటప్పుడు కూడా అదే ధ్యాస.

"ఈ పళ్ళు చేసుకోడానికేనా నేను మిగిలింది?" అన్నాడొకసారి ముద్ద చేత్తో పట్టుకుని.

అత్తగారు అక్కడే ఉంది. కొంతకాలంగా కూతురి దగ్గరే ఉంటోంది. ఆమె అల్లుణ్ణి ఎగాదిగా చూసి, "ఆ సీసాలో చేప కూడా మిగిలింది కదా నాయనా. దానికేం పెద్ద పని ఉందో కనుక్కున్నావా?" అంది.

భార్యకి పొలమారింది. పళ్ళాయనకి మాత్రం ఆ పూట అన్నం సహించలేదు.

పక్క మేడ మీద కొత్త స్టాండు బిగించడానికి ప్లంబరు వచ్చిన రోజున ఆయన ఉండబట్టలేక మేడెక్కాడు. ప్లంబరు మోకాళ్ళ మీద కూర్చుని బోల్టు బిగిస్తున్నాడు. పక్కన పాత స్టాండు కాళ్ళు పడి ఉన్నాయి.

"అది పడింది నా గది మీదేనయ్యా," అన్నాడు పళ్ళాయన.

"అయ్యో, మీరేనా! కూర్చోండి, కూర్చోండి."

"ఒక్క మాట అడుగుతా చెప్పు. అన్నాళ్ళు పడనిది ఆ రోజే ఎందుకు పడింది?"

ప్లంబరు పాత ఇనప కాలొకటి తీసి ఆయన చేతిలో పెట్టాడు. నొక్కితే మరమరాల్లాగా పొడి రాలింది. "తుప్పండీ. లోపల్లోపల తినేసింది. ట్యాంకు నిండింది, బరువాగలేదు, పడింది."

"అది కాదయ్యా. నేను లేచి బయటికెళ్ళిన క్షణానే ఎందుకు పడాలి?"

ప్లంబరు పాపం నిజంగానే ఆలోచించాడు. పానా కింద పెట్టి, అంచు దాకా వెళ్ళి కిందికి చూసి వచ్చాడు. "ఎందుకూ లేదండీ. మీరున్నా పడేది, లేకపోయినా పడేది. ట్యాంకుకి మీరెవరో తెలీదు కదా."

"అంటే నా కోసం కాదా?"

"మీ కోసం పడి ఉంటే మీ మీదే పడేది కదండీ," అని నచ్చజెప్పి, ప్లంబరు మళ్ళీ బోల్టు మీద వంగాడు.

పళ్ళాయనకి ముందు ఒళ్ళు మండింది. ఇంత కష్టపడి తన కోసం వెతుక్కుంటున్న పెద్ద పనిని ఒక పిడికెడు తుప్పు కింద జమకట్టేశాడు వీడు. విసవిసా మెట్లు దిగాడు. సగం మెట్ల దగ్గర కూర్చుండిపోయాడు. ఎవరూ చంపాలనుకోలేదు. ఎవరూ బతికించాలనుకోలేదు. ఇంత ఆకాశం, ఇంత భూమి, ఇందులో ఎవరి చేతిలోనూ తన పేరు లేదు. గుండె ఒక్కసారి ఖాళీ అయిపోయింది. భయమేసింది కూడా.

ఆ భయం తగ్గేదాకా అలాగే కూర్చున్నాడు. మెట్ల కిటికీలోంచి ఎండ ఆయన మోకాలి మీద పడుతోంది. కింద వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టారు. పైన ప్లంబరు కూనిరాగం తీస్తున్నాడు, శ్రుతి ఎక్కడా లేదు. పేరు రాసిన పని ఏదీ లేకపోతే తాను ఎగ్గొట్టిన పని కూడా ఏదీ లేదన్నమాట! ఇన్నాళ్ళూ నెత్తి మీద మోస్తున్నది ఆ ట్యాంకునే. దాన్ని ఇప్పుడు దించాడు. ఆయనకి నవ్వొచ్చింది. మొదట ముక్కుతో, తరవాత పొట్ట పట్టుకుని నవ్వాడు. మెట్లెక్కుతున్న ఒకావిడ ఈ మనిషికి ఇంకా షాకు తగ్గలేదనుకుని గోడ పక్కనుంచి తప్పుకుపోయింది.

భార్య రాగానే గుమ్మంలోనే చెప్పేశాడు. "నన్నెవరూ మిగల్చలేదు, తెలుసా!"

"అంత సంబరంగా చెప్తారేంటండీ?"

"మరి? ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదుగా. ఊరికే మిగిలాను. ఊరికే!"

ఆమె కారు తాళాలు మేకుకి తగిలించి, ఆయనకేసి తిరగకుండానే అంది: "ఆ రోజు నాకు ఫోనొచ్చినప్పుడు కారు రోడ్డు మధ్యలోనే ఆపేశాను. నేర్చుకునే పిల్లే నన్ను ఇంటికి తెచ్చింది. గేర్లన్నీ తప్పుగా వేస్తూ. మీరు వీధిలో నిలబడి, చేతిలో పన్ను పట్టుకుని కనిపించారు. ఎందుకు మిగిలారని నేను ఒక్కనాడైనా అడిగానా? మిగిలారు. నాకది చాలు."

పళ్ళాయన వెళ్ళి ఆమెకి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

మర్నాటి నుంచి గదిలో మళ్ళీ పళ్ళు అరగదీసే ఆకురాయి చప్పుడు మొదలైంది. బోసినోళ్ళు ఒక్కొక్కటీ నిండుతూ వచ్చాయి. ఆ పనులు తెమిలాక ఒకరోజు గుమ్మం నిండా ఒక భారీ మనిషి వచ్చి నిలబడ్డాడు. సర్కస్ బ్యాండులో ట్రంపెట్ వాయించి మానేసిన మనిషి. చంకలో నల్ల పెట్టె ఉంది.

"డాక్టరుగారు పంపారండీ. ఈ పళ్ళ సెట్టు తినడానికి బ్రహ్మాండంగా ఉంది. కాని నాక్కావలసింది ఊదడానికి. పెదవి ఆనడానికి ముందరి పళ్ళు సహకరించటం లేదు."

"మళ్ళీ బ్యాండులో చేరుతున్నారా?"

"నన్నెవరు పిలుస్తారండీ! మా ఆవిడకి కూడా బూర చప్పుడంటే తలనొప్పి." ఆయన కాస్త సిగ్గుపడ్డాడు. "ఊరికే. నాకు ఊదాలనుంది."

ఇంతకుముందైతే పళ్ళాయన ఇలాంటి బేరం తనకెందుకని పంపించేసేవాడే. 'ఊరికే' అన్న మాట వినగానే లేచి కుర్చీ వేశాడు. "రండి, కూర్చోండి. నాక్కూడా వినాలనుంది."

అది అనుకున్నంత తేలిక పని కాదు. ముందరి పళ్ళు రవ్వంత లోపలికి జరిపితే గాలి బుస్సుమని పక్కల నుంచి పోయింది. బయటికి జరిపితే పెదవి నిలవలేదు. ఒకసారి ట్రంపెట్ ఆయన బుగ్గలు పూరించి గట్టిగా ఊదేసరికి సెట్టంతా ఊడి, గది దాటి, గుమ్మంలో కూర్చున్న అత్తగారి ఒళ్ళో పడింది. ఆవిడ దాన్ని కొంగుతో పట్టుకుని, "పాట రాలేదు గాని పళ్ళొచ్చాయి నాయనా," అంది. ముగ్గురూ కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వారు. ట్రంపెట్ ఆయన నవ్వాపుకోలేక బోసినోటిని చేత్తో మూసుకున్నాడు.

మళ్ళీ మైనం, మళ్ళీ ఆకురాయి. ఆయన రావడం, ఊదడం, పళ్ళాయన చెవి ఒగ్గి విని కాస్త అరగదీయడం. ఇద్దరికీ అదొక ఆటయిపోయింది. ఆ గదిలో గంటలు ఎలా గడిచేవో తెలిసేది కాదు.

ఒక సాయంత్రం ట్రంపెట్ ఆయన కొత్త సెట్టు నోట్లో పెట్టుకుని, నాలుకతో తడిమి, కళ్ళు మూసుకుని ఊదాడు. మొదట బొంగురుగా, తరవాత తేటగా ఒక స్వరం లేచింది. దాన్ని పట్టుకుని ఇంకొకటి. అది పాటయింది. మధ్యలో రెండుచోట్ల తప్పింది కూడా. ఆయన చెంపల మీదుగా నీళ్ళు కారుతున్నా ఆపలేదు. ఎదురింటి కిటికీలు తెరుచుకున్నాయి. వీధిలోకి తిరుగుతున్న కారొకటి ఉలిక్కిపడి ఆగిపోయింది. అందులోంచి పళ్ళాయన భార్య దిగింది.

"ఏంటండీ ఈ గోల? బండి నేర్చుకునేవాళ్ళు స్తంభాలు గుద్దుతారు!"

"నువ్విలా రా ముందు," అన్నాడు పళ్ళాయన.

ఆమె వచ్చి తగాదా తీర్చే పెద్దమనిషిలా నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. కాసేపటికి ఆ చెయ్యి జారింది. తల్లి పక్కన గడప మీద చోటు చేసుకుని కూర్చుంది. పాట అయిపోయింది.

"ఇంకొకటి వాయించండి," అంది భార్య.

"ఏది వాయించమంటారమ్మా?"

"ఏదైనా సరే."

ట్రంపెట్ ఆయన పెదవులు తడుపుకున్నాడు. పళ్ళాయన ఎవరిదో దవడ చేతిలోకి తీసుకుని మెరుగుపెట్టడం మొదలుపెట్టాడు, కాలితో తాళం వేస్తూ.