కలవని గళ్ళు

"మార్కెట్ డౌనా? నిన్ననేగా షేర్లు కొన్నాను," అని మేనేజరు కంగారుగా ఫోను తడుముకున్నాడు.

"మార్కెట్ కాదు సార్, మార్క్‌డౌన్," అంది ఆమె. "మామూలు అక్షరాలు కొట్టుకుంటూ పోవడమే. మాటకి అటూ ఇటూ నక్షత్రం గుర్తులు పెడితే అదే లావవుతుంది."

"నేను ఏ గుర్తూ పెట్టకుండానే లావయ్యాను."

గదంతా నవ్వింది. ఆమె పక్కనే కూర్చున్న వాళ్ళ బాబాయి కూడా నవ్వాడు, కాకపోతే గోడకేసి.

ఆసుపత్రుల్లో మందు ఎక్కించే పంపులు తయారుచేసే కంపెనీ అది. వాటి వాడకం పుస్తకాలు రాసేది ఆమె, సరిచూసేది బాబాయి. ఇకమీదట ఎందులో రాయాలో ఈ పూట తేలాలి. మార్క్‌డౌనా, లేక పేజీని పేజీలాగే తెరమీద చూపించి, మౌసుతో పట్టికల గళ్ళు కలుపుకోనిచ్చే కొత్త ఎడిటరా?

బాబాయికి చూపు పోతోందని ఆ గదిలో ఆమెకొక్కతెకే తెలుసు. చదివి వినిపించే సాఫ్ట్‌వేరు పెట్టుకుని, చెవులతోనే తప్పులు ఏరుతున్నాడు. ఉత్త అక్షరాల ఫైలైతే ఆ యంత్రం గొంతు గడగడా చదివేస్తుంది. కొత్త ఎడిటరు తెరిస్తే "బటన్, బటన్, బటన్" అని నత్తి కొడుతుంది. అది వచ్చిందంటే బాబాయి ఉద్యోగం పోయినట్టే. అందుకే ఆమె మార్క్‌డౌన్ కోసం గొంతు చించుకుంటోంది.

"మోతాదుల పట్టిక అందులో వేసి చూశావా, అమ్మాయ్?" అన్నాడు బాబాయి.

చూసింది. పసిపిల్లల బరువుల దగ్గర మూడు గళ్ళు కలిసి ఒక్కటవ్వాలి. మార్క్‌డౌన్‌లో కలవలేదు.

"అదే అంకె మూడు గళ్ళలోనూ రాస్తాను బాబాయ్."

"పోయినసారీ అలాగే రాశావు. ఒక గడిలో మార్చి మిగతావి మరిచిపోయావు. కొత్తదే తీసుకోండి సార్."

మేనేజరు ఇద్దరినీ మార్చిమార్చి చూశాడు. "ఇంటి తగువులు ఆఫీసుదాకా తేకండయ్యా. పాపం, పిల్ల పొద్దుట్నించీ మొత్తుకుంటోంది, నువ్వేమో దాని కాళ్ళ కింద చాప లాగేస్తున్నావు."

ఆమె బల్ల కింద బాబాయి చెయ్యి పట్టుకుంది, చెప్పొద్దన్నట్టు. ఆయన మెల్లగా విడిపించుకున్నాడు.

"తగువు కాదు సార్. ఇది మొత్తుకునేది నాకోసం. నాకు కళ్ళు దాదాపు పోయాయి. వింటూ నెట్టుకొస్తున్నాను. మార్క్‌డౌనైతే నేనుంటాను. కానీ పోయినసారి ఆ తప్పు నా చెవినీ దాటిపోయింది, పట్టుకున్నది ప్రెస్సువాడు. అంకెలు వరసగా వింటుంటే ఏది ఏ గడిదో తెలియదు. ఎక్కించేది పసివాళ్ళకి."

మేనేజరు ఫోను పక్కన పెట్టి, కొత్త ఎడిటరు కావాలన్నవాళ్ళు చేతులెత్తండి అన్నాడు.

బాబాయి ఆమె వైపు వంగాడు. "ఎన్ని లేచాయే?"

"అన్నీ, బాబాయ్," అంది. అన్నాక తన చెయ్యి ఎత్తింది.