అంచు మీద చుక్కలు

నలభై రెండు వార్డుల్లో అది నలభై ఒకటోది. చంకలో మ్యాపు చుట్ట, భుజానికి సంచి, సంచిలో చుక్కల స్టిక్కర్లు, సంతకాల పుస్తకం, నీళ్ళ సీసా, మోకాళ్ళకు రాసుకునే మందు. ఈ సరంజామా అంతా మోసుకుంటూ ఆమె బస్సు దిగేసరికి సాయంత్రం అయిదున్నర దాటింది. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఆమెకు ఒకటి ఉంది గానీ, ఆరు నెలలుగా ఊరంతా ఆమెను చుక్కలమ్మ అనే పిలుస్తోంది. మొదట్లో ఉడుక్కునేది. ఇప్పుడు ఉడుక్కోవడానికి కూడా ఓపిక లేదు.

నగరం ఎటు పడితే అటు పెరిగిపోతోంది. రాబోయే పాతికేళ్ళలో ఎక్కడ రోడ్డు పడాలో, ఎక్కడ మేడలు లేవాలో, ఎక్కడ ఖాళీ మిగలాలో ముందే రాసిపెట్టుకోవాలని నగర కార్యాలయం తలపెట్టింది. జనాన్ని అడిగి మరీ రాయాలని పైనుంచి నియమం. రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. అడిగే పని మాత్రం చుక్కలమ్మ నెత్తిన పడింది.

పద్ధతి సులువే. వార్డు మ్యాపును బల్ల మీద పరవాలి. వచ్చిన ప్రతి మనిషికీ ఒక చుక్క ఇవ్వాలి. ఉన్నది ఉన్నట్టే ఉండాలనుకుంటే ఆ చోట ఆకుపచ్చ చుక్క, మారాలనుకుంటే ఎర్ర చుక్క. చివరి చుక్క పడేదాకా ఆమె బల్ల పక్కనే నిలబడి చూసుకోవాలి. తర్వాత ఆ మ్యాపును ఆఫీసులో యంత్రం చదివి ఏ చోట ఎన్ని చుక్కలున్నాయో చెబుతుంది. వార్డు గీత లోపల ఉన్నదే దానికి చుక్క. గీత దాటి బయట పడ్డది దాని కంటికి ఆనదు.

చెప్పుకోవడానికి సులువే గానీ, పాతికేళ్ళ తర్వాతి సంగతి అడిగితే జనం నిన్నటి సంగతి చెప్పేవాళ్ళు. కుళాయి రాలేదనీ, వీధిదీపం వెలగలేదనీ, కాలువ పొంగిందనీ. ఆమె ఏదో ఇంజినీరన్నట్టు గొంతు చించుకుని అరిచేవాళ్ళు. ఒకాయనైతే తన చుక్కా, బతిమాలి తీసుకున్న భార్య చుక్కా కలిపి పక్కింటి మీద ఎర్రగా అతికించి, మనసు తేలికపడి వెళ్ళిపోయాడు. "పాతికేళ్ళకి మనం ఎక్కడుంటామో ఏంటో" అని ఇంట్లో భర్త నవ్వేవాడు. ఆయన బస్సులు నడిపి నడిపి నడుం పోగొట్టుకుని ఇంటిపట్టున ఉన్న మనిషి. "మీరు ఈ మంచం మీదే ఉంటారు, నేను ఈ మ్యాపు మోస్తూనే ఉంటాను" అనేది ఆమె.

నిజానికి మోయక్కర్లేని రోజు దగ్గరపడింది. ఈ నలభై రెండూ ముగిస్తే ఆఫీసులో కూర్చునే పని ఇప్పిస్తానని మ్యాపుల అధికారి మాట ఇచ్చాడు. కిటికీ పక్కన, ఫ్యాను కింద, చేతులున్న కుర్చీ. ఆ కుర్చీ మీద ఆమె ఎప్పుడో కన్ను వేసింది. ఒకసారి గదిలో ఎవరూ లేనప్పుడు కూర్చుని కూడా చూసింది. యాభై రెండేళ్ళ వయసులో ఒక కుర్చీ కోసం ఇంత ఆశపడడం ఆమెకే సిగ్గనిపించింది గానీ, మోకాళ్ళకు సిగ్గు లేదు కదా.

నలభై ఒకటో వార్డు పుస్తకాలకు అట్టలు కట్టేవాళ్ళది. సందు పొడుగునా ఇంటింటా బైండింగ్ పనే. సమావేశం బడి గదిలో పెట్టారు. పని ముగించుకుని, చేతులు తుడుచుకుంటూ ఒక్కొక్కరే వచ్చి పిల్లల బెంచీల మీద ఒద్దికగా కూర్చున్నారు. ఎవరూ అరవలేదు. కుళాయి మాట ఎత్తలేదు. వాళ్ళందరి తరఫునా ఒక ముసలాయన లేచాడు. సందులో అందరికీ పని నేర్పిన మనిషి, అందరూ పెద్దాయన అంటారు.

సందు వెనక ఒక ఖాళీ స్థలం ఉంది. జిగురు రాసిన అట్టలన్నీ అక్కడే ఎండలో ఆరేస్తారు. కొత్త ప్లానులో ఆ చోట కార్లు పెట్టుకునే నాలుగంతస్తుల మేడ గీశారు. వద్దంటే ఇప్పుడే అనాలి. ఆకుపచ్చ చుక్కలు పడకపోతే 'అభ్యంతరం లేదు' అని రాసేస్తారు, ఆపైన ఎవరూ ఏమీ చెయ్యలేరు.

"అట్ట సరిగ్గా ఆరకపోతే వంకరపోతుందమ్మా" అన్నాడు పెద్దాయన. "వంకరపోయిన పుస్తకం ఎవరికీ పనికిరాదు. మా ఇళ్ళల్లోకి ఎండ రాదు. ఆ స్థలం పోతే మా పని పోయినట్టే. ఇంకేమీ అడగం."

ఆమె తల ఊపింది. నలభై సార్లు వివరంగా చెప్పిన మాటను ఆ రోజు సగానికి కోసేసింది. స్థలం ఉండాలంటే ఆకుపచ్చ చుక్క అతికించమంది. ఎక్కడ అతికించాలో చెప్పలేదు. ఇంత మర్యాదస్తులకు అన్నీ విడమర్చి చెప్పాలా అనుకుంది. చుక్కలు పంచి, సంతకాలు పెట్టించుకుని, ఒక్క నిమిషం కాళ్ళు చాపుకుందామని వెనక బెంచీ మీద గోడకు ఆనుకుంది. అంతే, కన్ను అంటుకుపోయింది.

పెద్దాయన కోడలు టీ గ్లాసు పట్టుకుని లేపేసరికి గది ఖాళీ. మ్యాపును చుట్ట చుట్టి, పైన ఖాకీ కాగితం వేసి, మూలలు మడిచి, దారంతో కట్టి ఉంచారు. మంచి నిద్రలో ఉన్నారని కదపలేదు, చప్పుడు కాకుండా మేమే సర్దేశాం అందా కోడలు. చుక్కలమ్మ నాలుక్కరుచుకుంది. కానీ ఆ కట్టు ఎంత ముచ్చటగా ఉందంటే, విప్పి చూడడానికి చెయ్యి రాలేదు. చిన్నప్పటి నుంచీ తన కోసం ఎవరైనా అంత శ్రద్ధగా ఏమైనా కట్టి ఇచ్చిన గుర్తు లేదామెకు. అలాగే తీసుకుని బస్సెక్కింది.

మర్నాడు నలభై రెండో వార్డు పని పొద్దున్నే అయిపోయింది. మధ్యాహ్నం ఆఫీసులో మ్యాపుల అధికారి ఆ దారం విప్పాడు. ఆయన ఆమెకు తమ్ముడి వయసువాడు, అక్కా అని పిలుస్తాడు, చెడ్డవాడు కాదు.

మ్యాపు అద్దంలా ఉంది. సందులు, ఇళ్ళు, అరచేయంత ఖాళీ స్థలం, దేని మీదా ఒక్క చుక్క లేదు. కింది అంచున, గీతకు బయట తెల్లగా వదిలిన చోట, కందిగింజంత ఆకుపచ్చ చుక్కలు మూడు వరసల్లో ఉన్నాయి. నూట పద్దెనిమిది. స్కేలు పెట్టి కొలిచినట్టు, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య వెంట్రుకవాసి తేడా లేదు.

"ఇదేంటక్కా?" అన్నాడు అధికారి. నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాడు.

ఆమె సంతకాల పుస్తకంలో నంబరు వెతికి పెద్దాయనకు ఫోను చేసింది. చుక్కలు స్థలం మీద కదా పెట్టాలి, అంచు మీద ఎందుకు పెట్టారని అడిగింది.

"అచ్చు మీద జిగురు పడకూడదు కదమ్మా" అన్నాడాయన. "పదేళ్ళ వయసులో నాకు నేర్పిన మొదటి మాట అది. జిగురనేది అంచుకే. మొదటి చుక్క నేనే పెట్టాను, నన్ను చూసి అందరూ పెట్టారు. తప్పు చేశామా?"

ఆమె మళ్ళీ చేస్తానని ఫోను పెట్టేసింది.

చుక్కలు పీకి తను మళ్ళీ అతికిస్తానంది అధికారితో. కుదరదన్నాడు, సేకరించిన మ్యాపును ఎవరూ తాకకూడదు. పైగా పీకితే రావు కూడా. ఆఫీసు చుక్కలు సరిగ్గా అంటుకోవడం లేదని వాళ్ళు తమ సొంత జిగురు రాసి మరీ నొక్కారు. అధికారి నిబంధనల పుస్తకం తీశాడు. జనం పొరపాటు చేస్తే సమావేశం మళ్ళీ పెట్టరు, యంత్రం ఏది చదివితే అదే లెక్క. సిబ్బంది పొరపాటైతే మాత్రం పది రోజుల్లో ఇంకొకరి చేత మళ్ళీ పెట్టించాలి.

"మన పొరపాటు ఏమీ లేదుగా" అంటూ ఆయన పుస్తకం మూసేశాడు. ఆమె కోసమే మూశాడు. ఆ సంగతి ఆమెకు తెలుసు.

సమావేశం కాగితంలో అడుగున 'సిబ్బంది మాట' అని ఒక గడి ఉంటుంది. ఇప్పటిదాకా ప్రతిసారీ ఆమె అందులో 'సక్రమంగా జరిగింది' అని రాసింది. చెయ్యి దానంతటదే రాసేసేది. ఇప్పుడు కలం పట్టుకుని కిటికీ వైపు చూసింది. కుర్చీ అక్కడే ఉంది. దాని మీద ఎవరో ఫైళ్ళు పెట్టారు. ఎంత సిగ్గులేని ప్రాణం అంటే, ఆ క్షణంలో కూడా ఆ ఫైళ్ళు తీసి ఎక్కడ పెట్టాలా అని ఆలోచించింది. వాళ్ళు చదువుకున్నవాళ్ళే, అడిగి తెలుసుకోవచ్చు కదా అనుకుంది. ఆరు నెలలు కాళ్ళరిగేలా తిరిగిన దానికి ఒక్క కునుకు తియ్యకూడదా అనుకుంది. వాళ్ళ మీద కోపం తెచ్చుకోవాలని గట్టిగానే ప్రయత్నించింది. కోపం వచ్చినట్టే వచ్చి, ఆ ఖాకీ కాగితం కట్టు గుర్తొచ్చి పోయింది.

రాసింది. 'చుక్కలు ఎక్కడ పెట్టాలో నేను చెప్పలేదు. అతికిస్తున్నప్పుడు నిద్రపోయాను. వాళ్ళ తప్పు లేదు.'

అధికారి చదివి తల పట్టుకున్నాడు.

"ఇది పైకి వెళ్తే ఆ కుర్చీ నా చేతుల్లో ఉండదక్కా. కాస్త మాట మార్చి రాయొచ్చు కదా."

"నిద్రపోయాను సార్" అందామె. "దానికి ఇంకో మాటేముంది."

ఇంటికి వెళ్ళి చెబితే భర్త మంచం మీద మెల్లగా పక్కకు జరిగి ఆమెకు చోటిచ్చాడు.

"మంచి నిద్రేనా?" అని అడిగాడు.

"ఆరు నెలల్లో అంత బాగా ఎప్పుడూ పట్టలేదండీ."

ఇద్దరూ నవ్వారు. నవ్వుతుండగానే ఆమెకు ఏడుపొచ్చింది. కుర్చీ పోయినందుకు ఏడ్చింది, ఏమీ దాచుకోకుండా ఏడ్చింది. ఆయన ఆమె మోకాళ్ళకు మందు రాశాడు.

తొమ్మిదో రోజున అదే బడి గదిలో మళ్ళీ సమావేశం పెట్టారు. ఈసారి కొత్తమ్మాయి వచ్చింది. చుక్కలమ్మకు అక్కడ పనేమీ లేదు, పని నుంచి తీసేసి నాలుగు రోజులైంది. అయినా ఇంట్లో ఉండలేక వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. కొత్తమ్మాయి విడమర్చి చెప్పింది. చుక్క స్థలం మీదే పెట్టాలి, గీత లోపలే పెట్టాలి. అందరూ విన్నారు. వేలి కొసన చుక్క అంటించుకుని బల్ల చుట్టూ చేరారు. ఒక్కరూ పెట్టలేదు. చేతులు ముందుకు రావడం, మ్యాపు దాకా వెళ్ళడం, వెనక్కి పోవడం. కొత్తమ్మాయికి ఏం చెయ్యాలో తోచలేదు.

పెద్దాయన తలెత్తి గుమ్మం వైపు చూశాడు.

"కొత్త అచ్చు. పాడైపోదా అమ్మా?"

ఆమె లోపలికి వచ్చింది. బల్ల పక్కన, ఆ రోజు తను నిలబడాల్సిన చోట నిలబడింది.

"పాడు చెయ్యమనే తెచ్చారు బాబాయ్ గారూ. పెట్టండి."

ఆయన కళ్ళు మూసుకున్నంత పని చేసి మ్యాపులోని ఆ అరచేయంత ఖాళీ స్థలం మీద చుక్క పెట్టాడు. బొటనవేలితో నొక్కి, తప్పు చేసినవాడిలా చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. ఆ తర్వాత కోడలు పెట్టింది. తర్వాత మిగతావాళ్ళు. అక్కడ కూడా వాళ్ళ చెయ్యి ఊరుకోలేదు, వరస తప్పకుండానే పెడుతూ వచ్చారు. పైవాళ్ళు వీటిని చూస్తారో, చూసి కూడా మేడ కట్టేస్తారో ఎవరూ చెప్పలేరు. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు.

కోడలు ఎక్కడినుంచో పంతులు గారి కుర్చీ లాక్కొచ్చి చుక్కలమ్మ వెనక వేసింది. దానికి చేతులు కూడా ఉన్నాయి. కూర్చోమని రెండుసార్లు అంది. మోకాళ్ళు సలుపుతున్నాయి, కుర్చీ అంచు కాలికి తగులుతూనే ఉంది. వరసలో ఇంకా అరవై మందికి పైగా ఉన్నారు. అయిపోనివ్వమ్మా అంది ఆమె, చివరి చుక్క పడేదాకా నిలబడే ఉంది.