చట్రం బయటి చుక్కలు

ఆ నగరపు అత్యవసర వైద్య సేవల కార్యాలయంలో రెండు మతాలు ఉండేవి. మొదటి మతంవారు గణాంకాల ప్యాకేజీకి ఆజ్ఞలు రాసి, ఆ రాతను కంప్యూటరు చేత నడిపించి గ్రాఫులు పుట్టించేవారు. రెండో మతంవారు తమ ప్యాకేజీ తెరమీద వరుసగా ఉన్న బటన్లను మౌసుతో నొక్కి గ్రాఫులు పుట్టించేవారు. మొదటివారిని రెండోవారు రాతగాళ్ళనీ, రెండోవారిని మొదటివారు నొక్కుడుగాళ్ళనీ పిలుచుకునేవారు. ఉభయుల గ్రాఫులూ చాలావరకు ఒకేలా ఉండేవి. వైరం అంత తీవ్రంగా ఉండడానికి బహుశా అదే కారణం.

రాతగాళ్ళ మతానికి పీఠాధిపతి విశ్లేషణ విభాగం అధికారి. వెనకాల అందరూ ఆయనను రేఖాచక్రవర్తి అనేవారు. ఎగతాళికి పెట్టిన పేరే అయినా, చెవిన పడ్డ రోజునే ఆయన దాన్ని బిరుదుగా స్వీకరించారు. అప్పటినుంచి నడక కూడా కాస్త మారింది. చుక్కల మధ్యనుంచి ఆయన ఒక గీత గీశారంటే అది గీత కాదు, శాసనం. రంగుల ఎంపిక మీద ఆయన రాసిన ఉద్గ్రంథాన్ని కార్యాలయంలో ప్రతివారికీ స్వహస్తాలతో బహూకరించారు. తలుపులు గాలికి కొట్టుకోకుండా ఆపడానికి అది చక్కగా పనికివచ్చింది.

నొక్కుడుగాళ్ళ మతానికి అధిపతి, చక్రవర్తి జాతకం అలా ఏడ్చింది గనక, ఆయనకు స్వయానా బావమరిది. బండ్లు, భవనాల నిర్వహణ విభాగంలో ఉండేవాడు. ప్యాకేజీకి లైసెన్సు ఉండడమే జ్ఞానానికి నిదర్శనమని అతని గట్టి నమ్మకం. పండితులు ఇలా ఇద్దరున్న ఇంట్లో మనిషి అనదగిన వ్యక్తి ఒకరే ఉండేవారు. ఒకరికి భార్య, మరొకరికి అక్క, వృత్తికి డాక్టరు. నగరం చివర కొండవైపు ఉన్న అంబులెన్సు డిపోకు ఆవిడే అధికారి. ఇద్దరి ప్యాకేజీల గురించీ ఆవిడకు ఒకే అభిప్రాయం ఉండేది. దాన్ని భోజనాల దగ్గర చెప్పేది కాదు.

ఇప్పుడా డిపోకే గండం వచ్చింది. కొండవైపు రోగులు అంబులెన్సు కోసం ఎదురుచూసే సమయం తగ్గుతున్నట్టయితే డిపోను మూసి, బండ్లను నడి ఊళ్ళోని పెద్ద డిపోలో కలిపేద్దామని పాలకమండలి తలపెట్టింది. తగ్గుతోందో పెరుగుతోందో తేల్చి ఒక బొమ్మ గీసి ఇమ్మని చక్రవర్తిని అడిగింది. భార్య డిపో సంగతి భర్త తేల్చడమేమిటని ఎవరైనా నసిగితే, సొంత భార్య డిపోనైనా మూయించగల నిష్పాక్షికత తనకు తప్ప ఎవరికుందని ఆయన ఎదురు ప్రశ్న వేశారు. నసిగినవారు తోక ముడిచారు.

ఆయన పనికి ఉపక్రమించారు. కొండవైపు నుంచి వచ్చిన ప్రతి పిలుపూ ఒక చుక్క. అడ్డంగా తేదీలు, నిలువుగా రోగి ఎదురుచూసిన నిమిషాలు. తొలి బొమ్మ చూసి ఆయనకు వికారం పుట్టింది. గంట, గంటన్నర ఎదురుచూసినవాళ్ళ చుక్కలు ఎక్కడో మిన్నంటి కూర్చోవడంతో, మిగతా చుక్కలన్నీ అడుగున కుక్కినట్టు నేలకు అతుక్కుపోయాయి. ఇంత కురూపాన్ని సభ ముందు ఎలా పెడతాం? నిలువు అక్షానికి ముప్పై నిమిషాల దగ్గర హద్దు పెట్టమని ఒక ఆజ్ఞ రాశారు. చుక్కలు విచ్చుకుని పూలు చల్లినట్టు పరుచుకున్నాయి. అప్పుడు గీత గీయమన్నారు. గీత ఎడమనుంచి కుడికి, పల్లకి దిగుతున్న రాణిలా, మెల్లగా కిందకు దిగింది. ఎదురుచూపులు తగ్గుతున్నాయన్నమాట.

ఆ ప్యాకేజీకి ఒక స్వభావం ఉంది. ఉన్న బొమ్మలోనే ఒక భాగాన్ని దగ్గరగా చూపమనడానికి ఒక ఆజ్ఞ, అక్షానికి హద్దు పెట్టమనడానికి వేరొక ఆజ్ఞ ఉన్నాయి. రెండోది వాడితే, హద్దు దాటిన చుక్కలను అది దాచి ఊరుకోదు. అవి పుట్టనే లేదన్నట్టు పారేసి, మిగిలినవాటితోనే గీత గీస్తుంది. అయితే నిజాయితీ గల ప్యాకేజీ కనుక, ఇన్ని చుక్కలు పారేశాను సుమా అని ఎర్రటి అక్షరాలతో హెచ్చరిస్తుంది. చక్రవర్తి మాత్రం ఆ హెచ్చరికను చూడలేదు. పూర్వం ఒకసారి పెద్దలెవరో వచ్చినప్పుడు తెరమీద ఎర్రటి అక్షరాలు పడితే, ఏమైనా చెడిపోయిందా అని వారిలో ఒకరు అమాయకంగా అడిగారు. నాటినుంచి ఆయన రాసే ప్రతి రాతలోనూ మొదటి పంక్తి ఒక్కటే: హెచ్చరికలన్నీ నోరు మూసుకోవలెను. సామ్రాజ్యంలో శాంతి నెలకొంది.

సభ్యులు లోపలికి అడుగుపెడుతూనే తరించాలని ఆ బొమ్మను పెద్ద గుడ్డ మీద అచ్చు వేయించి, ముందు హాల్లో మేడమీది వరండా కటకటాలకు వేలాడదీయించారు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర డాక్టరు ఒకే ఒక్క మాట అడిగింది. కొండదారిలోని వంతెన మూసేశాక తమ బండ్లన్నీ చుట్టు తిరిగి పోతుంటే గీత కిందకు ఎలా దిగిందని. అనుభవం మీద కాదు, ఆధారం మీద మాట్లాడమని ఆయన కంచంలోంచి తలెత్తకుండా బోధించి, ఆ గీతకు వాడిన నీలిరంగు ఎంత చల్లనిదో వివరిస్తూ మజ్జిగ దాకా వచ్చారు.

సభకు ముందురోజు మధ్యాహ్నం బావమరిది ఆ గుడ్డ కిందే ఆయనను పట్టుకున్నాడు.

"బావా, అవే పిలుపులు మా ప్యాకేజీలో వేశాను. నా గీత పైకి పోతోంది."

"మీ ప్యాకేజీకి పైకీ కిందకీ తేడా ఎప్పుడు తెలిసింది గనక?"

"తెలీదులే బావా. అందుకే 'పైకి' అని ఒక బటన్ పెట్టారు, నొక్కాను."

చక్రవర్తి చిరునవ్వు నవ్వి గదికి వెళ్ళి తలుపు గడియ పెట్టుకున్నారు. ఆ నొక్కుడుగాడి నోరు శాశ్వతంగా మూయించాలంటే తన రాతను పంక్తి పంక్తి విప్పి చూపాలి. చూపేముందు తాను ఒకసారి చూసుకోవాలి. ఏ తప్పూ లేదని నిరూపించే ఉత్సాహంలో మొదటి పంక్తిని తాత్కాలికంగా తీసి నడిపించారు. తెరమీద ఎర్రటి అక్షరాలు బారులు తీరాయి. ఆయన చదివారు. అక్షం హద్దు తీసేసి నడిపించారు, గీత పైకి లేచింది. హద్దు పెట్టారు, దిగింది. కరెంటు వచ్చిందో పోయిందో చూసే మనిషిలా చాలాసేపు తీస్తూ, పెడుతూ కూర్చున్నారు. వంతెన మూశాక ఎక్కువసేపు ఎదురుచూసినవాళ్ళంతా హద్దు దాటారు. దాటినవాళ్ళంతా మాయమయ్యారు. బండి త్వరగా అందిన అదృష్టవంతులు మాత్రమే బొమ్మలో మిగిలారు.

అప్పుడు చక్రవర్తి ఆలోచించారు. ఆలోచించడమంటే తనకు తాను ఉపన్యాసమిచ్చుకోవడమే. గంటన్నర ఎదురుచూసినవారు ప్రజలు కారు, అసాధారణ విలువలు. అసాధారణాన్ని పట్టుకుని ఎవరైనా విధానాలు నిర్ణయిస్తారా? తన గ్రంథంలో అసాధారణ విలువకు ఇచ్చిన నిర్వచనం ఒకసారి తెరిచి చూసుకుని, ఎంత బాగా రాశానా అనుకున్నారు. పైగా గుడ్డ వేలాడదీయడం అయిపోయింది. వేలాడుతున్న గుడ్డను దించితే నొక్కుడుగాళ్ళు కాఫీలు పంచుకుంటారు. ఆయన మొదటి పంక్తిని మళ్ళీ రాసి, ఎర్రటి అక్షరాల నోరు మూసి, గడియ తీశారు.

మర్నాడు సభ తీరింది. బావమరిది కూడా తన బొమ్మను తెచ్చి బల్లమీద పరిచాడు. అధ్యక్షురాలు కళ్ళజోడు నెత్తిమీదికి తోసుకుని, రెండు గీతలు రెండు దిక్కులు చూస్తున్నాయేమని అడిగింది. అడగకుండా ఉండాల్సింది. బావమరిది లేచి, డబ్బు పెట్టి కొన్న ప్యాకేజీ అబద్ధమాడదని, ఊరికే దొరికేదానికి బాధ్యత ఎవరిదని దంచాడు. చక్రవర్తి లేచి, బటన్లు నొక్కేవాడికి తానేం నొక్కాడో మర్నాటికి గుర్తుండదని, రాసినది మాత్రం రాయిలా నిలుస్తుందని గర్జించారు. ఒకరు రంగుల గురించి, మరొకరు ఫాంట్ల గురించి నిప్పులు చెరిగారు. గీత ఎందుకు పైకి పోయిందో, ఎందుకు కిందకు దిగిందో ఇద్దరిలో ఒక్కరూ చెప్పలేదు. ఒకరికి తెలియదు, ఒకరికి తెలుసు. ఈ మతయుద్ధంతో అందరికీ తల తిరిగింది. అధ్యక్షురాలు చివరకు చేతిలోకి కలం తీసుకుని, హాల్లో వేలాడుతున్నదే పెద్దదిగా, చూడముచ్చటగా ఉంది కనుక దాని ప్రకారమే పోదామంది.

అప్పుడు డాక్టరు చెయ్యెత్తింది.

"సార్, ఒక సందేహం."

ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ ఆయనను సార్ అనడం అదే మొదలు.

"మీ బొమ్మలో అన్నిటికన్నా పైనున్న చుక్క ఎన్ని నిమిషాలు?"

"ముప్పై."

"ముప్పై దాటి ఎవరూ ఎదురుచూడలేదా?"

"చూశారు. వాళ్ళు చట్రం బయట ఉన్నారు."

"బయటంటే ఎక్కడ సార్? కొండ మెట్లమీద పడి ఉన్నవాళ్ళని మేమే మోసుకొచ్చాం. వాళ్ళని లెక్కలోకి తీసుకునే గీత గీశారా?"

"అక్షానికి హద్దు పెట్టినప్పుడు... దాటినవి రావు. అది ప్యాకేజీ పద్ధతి."

బావమరిది కుర్చీలో ముందుకు వంగాడు.

"అదా సంగతి బావా? నేనింకా మీ ప్యాకేజీయే తప్పనుకుంటున్నాను."

ఆ గొంతులో విజయం కన్నా నిరాశే ఎక్కువ వినిపించింది. ఇంతకాలం తాను దుమ్మెత్తిపోసిన ప్యాకేజీ నిర్దోషి అని, తప్పంతా హద్దు పెట్టిన బావదేనని తేలడం అతని మతానికి పెద్ద దెబ్బ.

ఇది తమకు ఎప్పుడు తెలిసిందని అధ్యక్షురాలు చక్రవర్తిని అడిగింది. ఇప్పుడే అనడం ఎంతో తేలిక. ఆయన నోరు తెరిచారు కూడా. ఈలోగా డాక్టరు అందుకుంది.

"నిన్ననేనండి. నిన్న భోజనాల దగ్గర బొమ్మ గురించి ఒక్క మాటైనా మాట్లాడలేదు. ఈయన బొమ్మ మాట ఎత్తకుండా భోంచేయడం పెళ్ళయ్యాక నేను ఎప్పుడూ చూడలేదు."

చక్రవర్తి తెరిచిన నోరు మూశారు. ఆయన తరఫున ఎర్రటి అక్షరాలే చెప్పినట్టయింది.

డిపోను మూయలేదు. అధ్యక్షురాలు కలం మూత పెట్టి, ఒక్క చుక్క కూడా విడవకుండా బొమ్మను తిరగ గీసి, అదే హాల్లో, అదే కొలతతో వేలాడదీయమంది. ఆ 'అదే కొలత' ఆవిడ కల్పించింది కాదు. హాల్లో వేలాడే బొమ్మల్లో నిమిషానికి ఇన్ని అంగుళాలన్న లెక్క మారకూడదని పూర్వం చక్రవర్తే ఆజ్ఞాపించారు. అచ్చువేసేవాడు మూడింతలైన గుడ్డ కొలుచుకుని, ఇది వరండా కటకటాలతో ఆగదండీ, పైకప్పునుంచి కట్టాలన్నాడు. తమ ప్యాకేజీలో అయితే ఒక్క నొక్కుతో కుదించి పెడతానని బావమరిది ఉదారంగా ముందుకొచ్చాడు. చక్రవర్తి ఆ సాయాన్ని తిరస్కరించారు. పరువంటూ ఒకటి ఉంటుంది కదా.

కొత్త గుడ్డ పైకప్పునుంచి దిగి, మేడమీద హాలువైపు తెరుచుకునే ఒకే ఒక్క కిటికీని నిండా కప్పేసింది. ఆ కిటికీ చక్రవర్తి గదిది. అడుగున పిలుపులన్నీ ఇసుకలా గుమిగూడి ఉంటే, అందరికన్నా ఎక్కువసేపు ఎదురుచూసిన మనిషి చుక్క సరిగ్గా ఆయన కుర్చీకి ఎదురుగా వచ్చి నిలిచింది. అది ఎవరిదని ఆయన ఇంట్లో అడగలేదు. డాక్టరు చెప్పనూ లేదు.

గది మార్పించమని ఆయన అర్జీ పెట్టుకున్నారు. ఇలాంటి ఫిర్యాదు కార్యాలయం మొత్తంలో ఒక్కరి నుంచే వచ్చింది కనుక, తమ గ్రంథంలోని నిర్వచనాన్ని అనుసరించి దీన్ని అసాధారణ విలువగా భావించి పరిగణించడం లేదని జవాబు వచ్చింది. కింద బావమరిది సంతకం.

పట్టపగలు కూడా గదిలో దీపం వేసుకోక తప్పలేదు. ఆ వెలుగు గుడ్డలోంచి హాల్లోకి కనబడేది. లోపలికి వచ్చినవాళ్ళు గీత వెంట తలెత్తి, ఇంకా ఎత్తి, చిట్టచివరి చుక్క చుట్టూ కాంతి వలయం చూసి, ఎంత గొప్ప ఆలోచనో, అన్నిటికన్నా ఎక్కువ ఎదురుచూసిన మనిషిని మరచిపోకుండా వెలిగించారు అని మెచ్చుకునేవారు. ఆ మాటలు పైకి వినబడేవి. మొదటిసారి విన్నప్పుడు చక్రవర్తి ముఖం గంటు పెట్టుకున్నారు. తర్వాత తర్వాత చెవి ఒగ్గి వినసాగారు. ఇప్పుడు సాయంత్రం ఇంటికి వెళ్ళేటప్పుడు కూడా ఆ దీపం ఆర్పడం లేదు.