డిక్కీలో పాట

ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే వదిన రోజూ చాలా దూరం కారు నడుపుతుంది. ఒకసారి దారిలో సీడీ మార్చబోయి రోడ్డు పక్క గోడను రాసుకుంటూ వెళ్లింది. తలుపు మీది ఆ గీత చూసి మరిది ఊరుకోలేదు.

"ఇలా లాభం లేదు వదినా. డిక్కీలో సీడీ ఛేంజర్ పెట్టేద్దాం. ఆరు సీడీలు ఒకేసారి పడతాయి. మీరు ముందు కూర్చుని బటన్ నొక్కితే చాలు."

కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు బిగించే పని అతనిది. చేతిలో స్క్రూడ్రైవర్ ఉంటే దేనికీ వెనకాడడు.

సెలవు రోజున వెనక సీటు ఊడదీసి, కిందనుంచి కేబుల్ లాగి స్టీరియోకు కలిపాడు. చోటు కలిసొస్తుందని ఛేంజర్ పెట్టెను డిక్కీ పక్కకు నిలువుగా బిగించాడు. వదిన బటన్ నొక్కగానే పాట ఖంగుమంది. ఇద్దరి మొహాలూ వెలిగిపోయాయి.

కారు కదిలింది. పాట ఆగింది. కారు ఆపితే మళ్లీ అందుకుంది.

"నా డ్రైవింగ్ నచ్చలేదా ఏంటి దీనికి?" అంది వదిన.

"వైరు లూజై ఉంటుంది."

వైరంతా తడిమాడు, గట్టిగానే ఉంది. సీడీలు తుడిచాడు. పెట్టె స్క్రూలు సగం వదులు చేసి వెనక్కి తొంగిచూశాడు. ఏమీ అంతుపట్టలేదు. చివరికి తనే డిక్కీలో ముడుచుకుని పడుకున్నాడు.

"మూత వెయ్యకండి. మెల్లగా పోనివ్వండి. లోపలేం జరుగుతోందో చూస్తా."

డిక్కీలోంచి వేలాడుతున్న రెండు కాళ్లు చూసి ఎదురింటావిడ కంగారుపడింది.

"ఏమ్మా, అది మీ మరిదేనా?"

"అవునండీ. పాట వింటున్నాడు," అంది వదిన.

మలుపులో గుంత. కారు ఎగిరిపడింది. వదులైన పెట్టె ఊడి అతని పొట్ట మీద అడ్డంగా పడింది. "అమ్మో!" అన్న కేక వెనకే పాట మొదలైంది. ఇంకో గుంత వచ్చింది. అయినా ఆగలేదు.

"ఆపకండి వదినా! పోనివ్వండి!"

ఇంటికొచ్చాక తల్లి ముందు పెట్టెను ఒకసారి నిలబెట్టి, ఒకసారి పడుకోబెట్టి ఊపి చూపించాడు.

"పడుకుంటే పాడుతుంది, నిలబెడితే నోరు మూస్తుందా? ఇదేం చోద్యంరా!" అందావిడ.

"లోపల కుదుపుల్ని తట్టుకునే స్ప్రింగుల్ని పెట్టె పడుకోబెట్టి ఉంటేనే పనిచేసేలా సర్దారేమోనమ్మా. నాకూ సరిగ్గా తెలీదు."

పెట్టెను డిక్కీ నేల మీద పడుకోబెట్టి బిగించాడు. మర్నాడు సాయంత్రం వదిన నవ్వుతూ దిగింది.

"దారంతా ఎక్కడా ఆగలేదయ్యా."

"స్ప్రింగులే అంటారా వదినా? లేక వైరేమన్నా..."

"అది తర్వాత ఆలోచిద్దువుగాని. ముందా పొట్ట చూపించు, ఎంత కమిలిందో."