మొగుడు లేని ఇంటి తనిఖీ

శ్యామల సంచి సర్దుతోంది. పోయే మనిషికి ఏం కావాలో ఆలోచించి కాదు, రేపు పొద్దున వచ్చే సారు కంట్లో ఏం పడకూడదో ఆలోచించి. గడ్డం గీసుకునే సెట్టు, దండెం మీది లుంగీలు, బనీను, మూలనున్న పాత బూట్లు. గోడకున్న పెళ్లి ఫోటో కూడా తీసి బట్టల మధ్య కుక్కింది.

కొండల్ మంచం మీద కూర్చుని చూస్తున్నాడు. ముంబై పక్క భీవండి మరమగ్గాల మీద నాలుగేళ్లు పనిచేసి, వచ్చిందంతా తాగి, ఇంటికి పైసా పంపని మనిషి. ఆ నాలుగేళ్లలోనే శ్యామలకు ఒంటరి మహిళ పింఛను మంజూరైంది. మొగుడు వదిలేసిన ఆడదానికి సర్కారు ఇచ్చేది. మొగుడు తిరిగొస్తే ఆగిపోయేది. మొన్న ఉగాదికి కొండల్ మెట్‌పల్లి తిరిగొచ్చాడు. తాగుడు మానేశాడు. దగ్గు మాత్రం వెంట తెచ్చుకున్నాడు.

"దుప్పటో?" అన్నాడు.

శ్యామల దాన్ని చేతిలోకి తీసుకుని మళ్లీ మంచం మీదే పడేసింది. "ఉండని. దుప్పటి ఆడోళ్లదా మొగోళ్లదా ఎవలు చెప్తరు?"

వాకిట్లో చాటలు ముందు పెట్టుకుని బీడీలు చుడుతున్న ఆడవాళ్లు నవ్వారు. వాళ్లలో పెద్దది అనసూర్య. ఎదురింటి అరుగు మీద లచ్చయ్య కూర్చుని ఉన్నాడు. తనిఖీ కబురు తెచ్చింది ఆయనే. ఎవరో ఆఫీసుకు ఫోన్ చేశారట అన్నాడు. ఎవరు చేశారో వాడకంతా తెలుసు.

"నాకేం పగ లేదు," అన్నాడు లచ్చయ్య. "కూసున్న కాడికి పైసలొస్తే మనిషి పాడైతడు. గీమె మొగణ్ణి ఇంట్ల పెట్టుకోని లేడంటది. రేపు ఆడోళ్లందరు గిట్లనే మొగోళ్లను ఎల్లగొడతరు. సర్కారే సంసారాలు కూలగొడుతుంది."

"నీ గుట్ట భూమికి రైతుబంధు పడ్డది గద బావా," అంది అనసూర్య. "నువ్వేం పాడుగాలేదా?"

"గది పెట్టుబడి."

"ఏం పెట్టుబడి? రాళ్లకు ఎరువేసినవా?"

చాటల్లో ఆకు చెదిరేలా నవ్వారు. లచ్చయ్య మొహం మాడ్చుకుని ఇంట్లోకి తొంగి చూశాడు. "నువ్వన్న జెప్పురా కొండల్. మొగోనివి. పెండ్లాం పింఛను కోసం ఇల్లిడిసి పోతవా?"

కొండల్ అదే మాట కోసం చూస్తున్నట్టు లేచాడు. "పింఛను పోతే పోనీ శ్యామలా. ఈడనే పనికి పోత. హోటల్ల ప్లేట్లన్న కడుగుత..." దగ్గు తెర వచ్చి మాట ఆగిపోయింది.

శ్యామల తలెత్తలేదు. సంచి జిప్పు లాగింది. "పింఛను నెలనెలా వచ్చింది. నువ్వు వచ్చినవా?"

సంచి ఎత్తి గడప దగ్గర పెట్టింది.

"పింఛను నన్ను కొట్టలే గూడ," అంది.

అనసూర్య ఆకు కత్తిరిస్తూ, "బాసరకు పో తమ్మీ," అంది. "గుడికాడ అన్నం పెడతరు. ఆడ తిన్నోళ్లను సరస్వతమ్మ తనిఖీ చెయ్యది. సారు వచ్చిపోయినంక, రెండొద్దులకు రా."

కొండల్ కూతుర్ని దగ్గరికి పిలిచాడు. హర్షిణికి ఏడేళ్లు. "సారు అడిగితే ఏమంటవు బిడ్డా?"

"బాపు లేడు అంట."

"గట్ల గాదు. మమ్మల్ని ఇడిసిపెట్టి పోయిండు, ఏడున్నడో ఎరుక లేదు. గిట్లనాలె. నా దిక్కు సూడొద్దు, సారు దిక్కు సూడు."

పిల్లకు నవ్వొచ్చింది. నవ్వొద్దన్నాడు. మళ్లీ మళ్లీ చెప్పించాడు. తడబడకుండా చెప్పేదాకా చెప్పించి, "శభాష్" అని సంచి భుజానికి వేసుకున్నాడు.

బయట తుంపర మొదలైంది. హర్షిణి దుప్పటి ఎత్తుకుని వెంట ఉరికింది. శ్యామల గడపలోనే పట్టుకుని దుప్పటి లాక్కుంది. "రెండొద్దులకే గద."

మర్నాడు సారు వచ్చాడు. ఇల్లు చూశాడు, దండెం చూశాడు, ఖాళీ మేకు చూశాడు. మీ బాపు ఏడి అని పిల్లనడిగాడు. హర్షిణి సారు వైపే చూస్తూ నేర్చిన పాఠమంతా అప్పజెప్పింది. ఆయన ఆమెకు ఒక చాక్లెట్ ఇచ్చి పోయాడు. పింఛను ఆగలేదు.

రెండు రోజులు దాటాయి. ఎన్నిసార్లు చేసినా కొండల్ ఫోన్ కలవలేదు. "రోషమొచ్చినట్టుంది," అంది అనసూర్య. "ఆకలైతే అదే దిగుతది."

వారం చూసి శ్యామల బాసర బస్సెక్కింది. అన్నదానం దగ్గర అడిగింది, గోదావరి మెట్ల మీద పడుకున్న వాళ్లను లేపి అడిగింది. ఎట్లుంటడమ్మా అన్నారు. సన్నగుంటడు, దగ్గుతడు అంది. అట్లాంటివాళ్లు అక్కడ చాలామంది ఉన్నారు. ఫోటో ఉందా అన్నారు. ఆమెది బటన్ల ఫోను. ఇంట్లో ఉన్న ఒక్క ఫోటోనూ తనే సంచిలో కుక్కి పంపింది.

మనిషి తప్పిపోయాడని పోలీసులకు చెప్పమన్నారు ఎవరో. స్టేషన్ మెట్ల దాకా వెళ్లింది. ఎప్పుడు పోయాడని అడుగుతారు. మొన్నటిదాకా ఇంట్లోనే ఉన్నాడని చెప్పాలి. చెబితే ఆ మాట ఆఫీసుకు చేరుతుంది. బయటే కాసేపు నిలబడి బస్టాండుకు తిరిగొచ్చింది.

ఏడాది తిరిగాక మళ్లీ తనిఖీ వచ్చింది. సర్దడానికి ఏమీ లేదు. హర్షిణి అదే మాట చెప్పింది, సారు అదే రాసుకున్నాడు. లచ్చయ్య కూడా అరుగు మీంచి, "నిజమే సార్, మొగడు లేడు," అని సాక్ష్యం పలికాడు.

దుప్పటి ఇంట్లోనే ఉంది. కొండల్ తిరిగి రాలేదు. ఇల్లు వదిలి పోయింది 2023లో, తొలి ఏకాదశి మర్నాడు.