నయమైన పిల్ల

ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో మా ఆయన స్నేహితులకి భోజనాలు. అందరూ ఆయనలాగే ఏసీలు అమ్మేవాళ్ళు. ఆ రోజు నేను వేడివేడి గిన్నె గుడ్డతో పట్టుకుని వంటింట్లోంచి వస్తుంటే, హాల్లోంచి ఆయన మా అమ్మాయిని పిలవడం వినిపించింది.

"ఇలా రామ్మా, మేడమ్. ఈ అంకుల్స్‌కి ప్రపంచం ఎప్పుడు మాడిపోతుందో చెప్పు."

అమ్మాయికి పదిహేనేళ్ళు. ఈ ఎండాకాలం మొదట్లో వాళ్ళ బడి గేటు దగ్గర కాపలా కాసే ముసలాయన ఎండదెబ్బకి దాని కళ్ళముందే కూలిపోయాడు. ఇది తన సీసాలో నీళ్ళు ఆయన నోట్లో పోసిందట. అవి పక్కనుంచి కారిపోయాయట. అప్పట్నుంచీ దానికి నిద్రలేదు. ఫోన్లో ఎండల గురించీ, ఎండిపోతున్న చెరువుల గురించీ చదువుతూ కూర్చుంటుంది. నేను బట్టలు ఆరేస్తుంటే వెనకాల నిలబడి, "అమ్మా, నాకు నీ వయసొచ్చేసరికి పగలు బయట తిరగడానికి ఉంటుందా?" అని అడిగేది. నేను దాని చేతికి బట్టల క్లిప్పులు ఇచ్చేదాన్ని.

"తిన్నది అరక్క వచ్చే రోగం. మా కాలంలో ఎండలు లేవా?" అనేవారు మా అత్తగారు. మా ఆయనైతే, "నువ్వు ఆఫీసుకి పోయి పిల్లని ఫోనుకి అప్పజెప్పావు. ఇంకేమవుతుంది?" అనేవారు. ఆ ఫోను కొనిచ్చింది ఆయనే. పిల్లలతో మాట్లాడే కౌన్సిలర్ ఒకావిడ ఉందంటే, తీసుకెళ్దామని ఆఫీసులో గంట పర్మిషన్ అడిగాను. మా మేనేజరు కుర్చీలో వెనక్కి వాలి, "ఎండంటే భయమా? అయితే తీసుకొచ్చి మా ఏసీ గదిలో కూర్చోబెట్టండి" అన్నాడు. పక్క సీట్లవాళ్ళు మొహమాటానికి నవ్వారు. ఆ గంట నాకు దొరకలేదు.

అప్పటిదాకా దాని మాట ఎవరూ వినలేదు. అందుకే ఆ రోజు తండ్రి పిలిచేసరికి పిల్ల నమ్మింది. నిజంగానే అడుగుతున్నారనుకుంది. జుట్టు సవరించుకుని వచ్చి, పరీక్షలో జవాబు చెప్పినంత శ్రద్ధగా మొదలుపెట్టింది. వేడి ఎందుకు పెరుగుతోందో, బయట పనిచేసేవాళ్ళకి ఏమవుతుందో అన్నీ చెప్పింది. ముసలాయన సంగతి దాకా వచ్చింది. ఒకాయన ముద్ద మింగి, "అంటే ఎండలు ఇంకా ముదురుతాయన్నమాట. మనకి మంచిదేగా" అన్నాడు. హాలంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా మా ఆయనే నవ్వారు. "వచ్చే ఏడు షాపు ప్రచారానికి దీన్నే పెడతా" అన్నారు. పిల్ల ఆ మొహాలన్నీ ఒక్కొక్కటే చూసింది. చివరికి తండ్రి మొహం చూసి, తనూ కొంచెం నవ్వి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ నవ్వు నాకు బాగా తెలుసు. ఆయన నా చదువు మీదా నా వంట మీదా జోకులేసినప్పుడల్లా నేను నవ్వేది అలాగే.

ఆ తర్వాత అది ఇంకేమీ అడగలేదు. పెట్టింది తింటోంది, నానమ్మకి మందులు అందిస్తోంది, తండ్రి రాగానే మంచినీళ్ళు ఇస్తోంది. "నలుగురిలో ఒక్కసారి సిగ్గుపడేసరికి దారికొచ్చింది. నయమైపోయింది" అన్నారాయన. "ఇప్పుడు ఆడపిల్లలా ఉంది" అన్నారు అత్తగారు. గిన్నెలు తోముకుంటూ అన్నీ విన్నాను. నోరు మూసుకుని బతికే మనిషి ఈ ఇంట్లో ఒకతి ఉందిగా, వీళ్ళకి ఆ ఒక్కతీ చాల్లేదా అనుకున్నాను.

మళ్ళీ ఆదివారం, మళ్ళీ వాళ్ళే. "మేడమ్ ఏదీ? ప్రపంచం ఇంకా ఉందా, పోయిందా?" అన్నారెవరో. మా ఆయన గొంతెత్తి పిల్లని పిలిచారు. నేను చెయ్యి తుడుచుకుని వెళ్ళి, ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చున్నాను.

"నన్నడగండి" అన్నాను. "నాకూ అదే భయం. నా బతుకు ఎలాగో గడిచిపోయింది. దానిది ముందుంది."

ఎవరూ నవ్వలేదు. కంచాలవైపు చూసుకున్నారు.

"లోపలికెళ్ళి అన్నం పట్టుకురా" అన్నారు మా ఆయన, పెదాలు కదపకుండా. నేను లేవలేదు.

ఈలోగా పిల్ల వచ్చింది. నా పక్కన నిలబడుతుందనుకున్నాను. దాని చేతుల్లో అన్నం గిన్నె ఉంది. తలెత్తకుండా తండ్రికి వడ్డించి, పక్కాయన దగ్గరికి జరిగింది.

"అదీ, తల్లికంటే నయం" అన్నారు అత్తగారు.

లేచి దాని చేతుల్లోంచి గిన్నె తీసుకుని బల్లమీద పెట్టాను. "కావలసినవాళ్ళు పెట్టుకుంటారు. నువ్వు ఆ రోజు సగంలో ఆపేశావు. మిగతాది చెప్పు, వింటాను."

"ఎందుకులే అమ్మా. తిననీ పాపం" అంది నెమ్మదిగా, అచ్చం నా గొంతుతో.

"సరే, ఇక్కడొద్దు. చెప్పులేసుకో."

"ఎక్కడికి?" అన్నారు మా ఆయన. ఎప్పుడూ లేనిది, అడిగి జవాబు కోసం ఆగారు.

నేను తలుపు తెరిచి పట్టుకుని, పిల్ల చెప్పులు వేసుకునేదాకా ఆగాను.